నేను గెలిచిన మూడు ఆటలు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో మనిషికి ఏదో ఒక విద్యలో తనంతటివారు లేరన్న నమ్మకం ఉంటుంది. నా నమ్మకం ఫోన్‌లో ఆడే పూల్ ఆట మీద, అంటే బిలియర్డ్స్ లాంటి బంతులాట మీద ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, సింగపూర్ వచ్చిన మొదటి ఏడాది నేను శ్రద్ధగా నేర్చుకున్నది అదొక్కటే. పొద్దున్న వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కి రాఫెల్స్ ప్లేస్‌లో దిగేలోపు కనీసం పది ఆటలు ఆడేదాన్ని. ఆఖరున వేసి గెలవాల్సిన నల్ల బంతి బల్ల మూల సంచిలోకి దొర్లుతుంటే తల ఎత్తలేక, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి చివరి స్టేషన్ దాకా వెళ్ళిన రోజులున్నాయి. (ఆఫీసులో సిగ్నల్ సమస్య వల్ల రైలు ఆగిందని చెప్పేదాన్ని. అదే రైల్లో వచ్చిన మా మేనేజరు నా వైపు చూసేవాడు.) మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీం మొత్తాన్ని వరసపెట్టి ఓడించాక, నాతో ఆడటం మానేసి అందరూ వేరే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. అది కూడా నా గొప్పే అనుకున్నాను.

నేను అద్దెకున్న గది వుడ్‌ల్యాండ్స్ ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వెళ్ళిన కుటుంబం. రాజమండ్రిలో మా నాయనమ్మతోనే పోయాయనుకున్న మాటలు ఆవిడ నోట తమిళం, మలయ్ మాటల మధ్య తిరుగుతూ ఉండేవి. "మకాన్ అయిందా అమ్మే?" అని రోజూ భోజనం సంగతి అడిగేది. అయిందన్నా వినకుండా కంచం పెట్టేది. అంకుల్ పోయి అప్పటికి రెండేళ్ళు. ఒక్కడే కొడుకు. చైనీస్ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానంటే ఆంటీ ఒప్పుకోలేదు. రిజిస్టరు పెళ్ళికి అంకుల్ ఒక్కరే వెళ్ళొచ్చారట. తరవాత అంకుల్ పోయినప్పుడు, కోడల్ని గుమ్మం బయటే నిలబడమందట ఆంటీ. ఆ మాటతో కొడుకు భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. వెళ్ళింది ఎక్కడికో కాదు, వంతెన అవతల మలేషియాలోని జోహోర్‌కే. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఊరి మేడలు కనిపించేవి. ఇదంతా ఆవిడ ఒకేసారి చెప్పలేదు. బెండకాయలు తరుగుతూ రోజుకింత చెప్పింది, తప్పు తనదేనన్న మాట మాత్రం చివర చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను హాల్లో సోఫా మీద యథాప్రకారం ఎవరినో ఓడిస్తూ ఉంటే, ఆంటీ ఒక పాత టాబ్లెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది అంకుల్‌ది. అంకుల్ చివరి రోజుల్లో కొడుకుతో కలిసి ఇదే ఆట ఆడేవారట, తండ్రి ఇక్కడి నుంచీ, కొడుకు అప్పుడు వేరుగా ఉన్న ఇంటి నుంచీ. ఆటలో ఆయన పేరు 'పులి'. (అంకుల్ బల్లిని చూసినా కుర్చీ ఎక్కేవారని ఆంటీయే చెప్పింది.) ఆవిడ రోజూ ఆ టాబ్లెట్‌కి ఛార్జింగు పెట్టి, ఆట తెరిచి, స్నేహితుల పట్టీలో ఉన్న ఒకే ఒక్క పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందా లేదా చూసుకుని మూసేసేదట. ఆ పేరు కొడుకుది. ఆ చుక్క ఇప్పుడు వెలుగుతోంది.

"నువ్వు బాగా ఆడతావు కదా, వాడితో ఒక ఆట ఆడమ్మా," అంది. తాను ఒకసారి ప్రయత్నిస్తే, కర్ర ఎటు తిప్పాలో తేలేలోపే గడువు అయిపోయిందట. తరవాత కాస్త ఆగి, "మెల్లగా ఆడు. తొరగా అవగొట్టేయకు," అంది.

నేను ఓడిపోతానని ఆవిడ భయపడుతోందనుకున్నాను. మీరేం కంగారు పడకండి అని చెప్పి, ఆటకు పిలుపు పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. ఆంటీ నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి అతను ఒప్పుకున్నాడు. బల్ల తెరుచుకుంది.

అతని ఆట చూసి నాకు జాలేసింది. సంచి అంచున ఉన్న బంతిని కూడా వేయలేకపోయాడు. ప్రతిసారీ గడువు ఆఖరి క్షణం దాకా ఆగి, మెల్లగా కొట్టి, తప్పిపోయేవాడు. "మీ అబ్బాయికి ఆట రాదాంటీ," అని నవ్వి, వరసగా నా ఏడు బంతులూ వేసి, వెంటనే నల్లదీ వేసేశాను. రెండో ఆటకు అతనే పిలిచాడు. అది ఇంకా తొందరగా ముగిసింది. 'బాగా ఆడారు' అని ఆటలోనే సిద్ధంగా ఉండే మాట ఒకటి పంపాడు. నేను పొంగిపోయాను. మూడో ఆటలో ఎలాగో అతని బంతులన్నీ పడి నల్ల బంతి ఒక్కటే మిగిలింది, సంచికి ఎదురుగా, మధ్యలో ఏ అడ్డూ లేకుండా. చంటిపిల్లలైనా వేసేదాన్ని అతను పక్కకి కొట్టాడు. నేను మాత్రం రెండు గోడలకు తగిలించి, చూసేవాళ్ళు దిమ్మెరపోయేలా నా ఆఖరి బంతి వేసి, ఆ వెంటనే నల్ల బంతినీ దించి, పిడికిలి పైకెత్తాను. దిమ్మెరపోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆంటీ బల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తెర మూలన గోరంత ఉన్న కొడుకు ఫోటోనే చూస్తోంది.

నాలుగో ఆటకు పిలుపు రాలేదు. పది నిమిషాల తరవాత ఆంటీ ఫోన్ మోగింది. ఆవిడకు చెవి తక్కువ కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉండేది. రెండేళ్ళ తరవాత కొడుకు గొంతు ఆ హాల్లో వినబడింది. తల్లిని 'మా', తండ్రిని 'పా' అనేవాడు; మాట చివర సింగపూర్ అలవాటుగా 'లా' తగిలించేవాడు.

"మా, పా టాబ్లెట్ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే ఉంది కదరా చిన్నా."

"ఆడింది నువ్వు కాదు లా. పాకి కూడా అలా ఆడటం రాదు. ఎవరది?"

"మనింట్లో అద్దెకున్న పిల్ల. నేనే ఆడమన్నాను. నిన్ను సూసినట్టుంటాదని."

 "పా పేరు మీద ఎవరినీ ఆడనివ్వకు," అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేసిన ఫోన్‌ని ఆంటీ ఇంకా చెవి దగ్గరే పట్టుకుంది. నేను క్షమించమని ఏదో గొణిగితే, "వాడికి జలుబు సేసినట్టుంది, గొంతు పట్టేసింది," అని, టీ పెడతానని లేచింది. అది జలుబు గొంతు కాదని ఇరవై మూడేళ్ళ నాకు తోచలేదు. కన్నతల్లికి తోచకుండా ఉంటుందా?

ఆ సాయంత్రమే స్నేహితుల పట్టీలోంచి ఆ పేరు పోయింది. చుక్క ఏదని ఆంటీ అడిగితే, నెట్ సరిగా లేదని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మింది. వారం పాటు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వైఫై పెట్టెను ఆపి, తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెడుతూ ఉండేది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి తన మలయ్‌లో గట్టిగా దెబ్బలాడింది కూడా. వాళ్ళు మనిషిని పంపుతామన్న రోజున ఇక భరించలేక నిజం చెప్పేశాను. ఆవిడ చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "మకాన్ అయిందా?" అని అడిగింది. ఆ రోజు నిజంగానే కాలేదు.

మరుసటి ఏడాది నేను ఉద్యోగం మారి ఊళ్ళోనే జురాంగ్ వెస్ట్ వైపు వెళ్ళిపోయాను. అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని, పండగలకి వెళ్ళేదాన్ని. కొడుకు మాట ఆవిడా ఎత్తేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. రెండేళ్ళకు ఒక పొద్దున్న పక్క ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసింది. ఆంటీ నిద్రలోనే పోయింది.

అంతా అయిపోయిన మర్నాడు ఫ్లాట్‌కి వెళ్ళాను. అతను హాల్లో నేల మీద కూర్చుని సామాన్లు సర్దుతున్నాడు. బట్టతల మొదలైన, మెత్తగా మాట్లాడే మనిషి. భార్య వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నన్ను నేను పరిచయం చేసుకోగానే, "పూల్ ఆడింది మీరేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు పులి నుంచి పిలుపు రాగానే అమ్మ ఆట నేర్చుకుందనుకున్నాడట. ఆమె గెలవాలని, ఆట ఎంతసేపైతే అంతసేపు సాగాలని, తేలిక బంతుల్ని కావాలనే తప్పించాడట. మొదటి ఆటలోనే అనుమానం వచ్చినా, అమ్మే అనుకోవాలని ఇంకో రెండు ఆటలు ఆడాడట. తరవాత కోపం తగ్గింది గానీ, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదన్నాడు.

"దగ్గరే కదా, వంతెన దాటితే చాలు, వచ్చే వారం వెళ్దాం అనుకునేవాణ్ణి," అన్నాడు. "అన్ని వారాలూ అలాగే అనుకున్నాను."

 కాసేపటికి అతను టాబ్లెట్ తీసి, తన ఫోన్ నుంచి పులికి మళ్ళీ స్నేహపు పిలుపు పంపి, ఒక ఆట ఆడతారా అని అడిగాడు. ఈసారైనా ఓడిపోవాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక బంతిని బొత్తిగా తప్పించి కొడితే, అది మూడు గోడలకు తగిలి, ఇంకో బంతిని గుద్ది, రెండూ కలిసి సంచిలో పడ్డాయి. అతను తెర వైపు, నా వైపు చూసి, "మీకు ఓడిపోవడం నిజంగా రాదు లా," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అతను కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాడు. భార్య వంటింట్లో కుళాయి కట్టేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

నేనిప్పుడు ఆ ఆట ఆడను. కానీ సోఫా మీద పిడికిలి ఎత్తిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దాని భుజం తట్టి, "ఆ టాబ్లెట్ ఆవిడ చేతికిచ్చి లేవమ్మా, ఓడిపోతే ఓడిపోనీ, ఈ ఆట వాళ్ళిద్దరిదీ," అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా అది వినే రకం కాదు. తలెత్తకుండానే, "ఉండండి, ఇంకొక్క బంతే ఉంది," అంటుంది.