పండుగప్ప పోలిక చేప కోసం ఎవర్‌గ్లేడ్స్‌కి ఒక్కదాన్నే

అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో మా నాలుగు తెలుగు కుటుంబాలు ఎక్కడికి బయలుదేరినా రెండు వ్యాన్లు, ఒక రైస్ కుక్కర్, దారంతా పిల్లల గోల. నా విడాకులయ్యాక మిగతావాళ్లు ఎదురుపడితే బాగానే మాట్లాడుతున్నారు కానీ పిలవడం మానేశారు. ఈ ఆగస్టులో మా అమ్మాయి కూడా కాలేజీకి వెళ్లిపోయింది. ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ మడ అడవుల్లో దొరికే స్నూక్ అనే చేప చూడటానికి అచ్చం మన పండుగప్పలా ఉంటుందని చదివాను. మాది అమలాపురం వైపు, ఆ పేరు వింటే ఆగలేను. గాలం వేయించే గైడ్‌ని సెప్టెంబర్‌లో ఒక శనివారానికి బుక్ చేశాను. ఈ ఒక్క ప్రయాణం ఒంటరిగా చేయలేకపోతే ఇక ఎప్పటికీ ఇల్లు కదలనని నాకు గట్టిగా అనిపించింది.

శుక్రవారం సాయంత్రం అట్లాంటా నుంచి ఫోర్ట్ మయర్స్‌కి రెండు గంటల లోపు ఫ్లైట్. అక్కడ కారు అద్దెకు తీసుకుని హైవే 41 మీదుగా ఎవర్‌గ్లేడ్స్ సిటీకి మామూలుగా గంటంబావు పడుతుందట. నాకు రెండు గంటలు పట్టింది, అంత వాన. గ్యాస్ స్టేషన్‌లో ఆగి అమ్మాయికి ఫోన్ చేసి, "వాన కుమ్మేస్తోందే, వెనక్కి వెళ్లిపోనా?" అన్నాను. "మామ్, నీ ఇష్టం. నేను ఫ్రెండ్స్‌తో ఉన్నా, లేటర్ కాల్ చేస్తా," అంది. చేయలేదు. ఆ వయసులో నేనూ చేసేదాన్ని కాదు. ఆ రాత్రికి ముందే కట్టిన మోటెల్ డబ్బు తిరిగి రాదు కాబట్టి ముందుకే నడిపాను.

పొద్దున్న ఆరున్నరకి వాన తెరిపిచ్చింది. గైడ్ పేరు రే, అరవై దాటిన మనిషి. "రెండో వాళ్లు ఎప్పుడొస్తారు?" అన్నాడు. నేనొక్కదాన్నే అన్నాను. సగం రోజుకి పడవ ఐదు వందల డాలర్లు, ఒకరున్నా ఇద్దరున్నా అంతే. పడవ ఒక పక్కకి ఒరగకుండా ఐస్ పెట్టెని నా పక్క సీటు దగ్గరికి జరిపాడు. ఏటి నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి, రెండు పక్కలా కోరంగిలో లాగే మడ చెట్లు. "రాత్రి పడ్డ వాన నీళ్లు ఈ చిన్న పాయల్లోంచి దిగుతుంటాయి. పిల్ల చేపలు వాటితో కొట్టుకొస్తాయి. స్నూక్ పాయ మూతి దగ్గర కాచుకుని కూర్చుంటుంది, ఎరని అక్కడే వేయండి," అన్నాడు. నేను మాత్రం ముందు మడ కొమ్మలనే పట్టాను.

తొమ్మిది దాటాక గాలం ఒక్కసారిగా లాగింది. చేతులు పట్టు తప్పేంతగా పోరాడి పైకి తెస్తే, వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లటి గీత. "చూశారా, పండుగప్ప," అంటూ పక్కకి తిరిగాను. అక్కడ ఐస్ పెట్టె ఉంది. రే కొలిచి, ఇక్కడి రూల్ ప్రకారం ఉంచుకోవచ్చన్నాడు.

రేవు పక్కన ఒక చిన్న హోటల్ ఉంది. మనం పట్టిన చేపని ఇరవై డాలర్లకి వండి పెడతారు. వంట చేసే మార్తా చేపని బల్ల మీద పరిచి, "ఎంతమందికి? ఏ ముక్క చేయమంటారు?" అని అడిగింది. మా ఇంట్లో తల ఆయనకి, నడిమి ముక్కలు అమ్మాయికి, వచ్చినవాళ్లకి, తోక నాకు. నాకెవరూ చెప్పలేదు, నేనే అలా వడ్డించేదాన్ని. నాకు ఏ ముక్క ఇష్టమో నాకు నిజంగా తెలియదు.

"ఒక్కదాన్నే. తల కావాలి," అన్నాను.

"ఇక్కడ తల ఎవరూ అడగరండీ. మా ఇంట్లో అయితే దానికోసం కొట్టుకుంటారు," అంది. వెల్లుల్లి, నిమ్మకాయ పట్టించి కాల్చి తెచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చేత్తో తిన్నాను. ఉన్నమాట చెప్పాలంటే నాకు నచ్చలేదు. అన్నీ ఎముకలే, బోలెడంత చాకిరీ. ఇన్నేళ్లూ దీన్నా నేను అపురూపంగా ఆయన కంచంలో పెట్టింది అని నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకుందామని ఫోన్ తీసి పేర్లన్నీ చూసుకుంటూ పోయాను. ఈ మాట అర్థమయ్యే వాళ్లు ఒక్కరూ కనిపించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి మార్తాని పిలిచి నడిమి ముక్క ఒకటి చేయమన్నాను, మిగతాది వాళ్లనే ఉంచుకోమన్నాను. నాకు నడిమి ముక్క ఇష్టం.

మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. చేపని కోయకముందే మీకే ముక్క కావాలో చెప్పండి, లేకపోతే తల, తోక రేవులో కాచుకున్న పెలికన్ పక్షులకి విసిరేస్తారు.