ఆర్ట్స్ గ్రూపుకు పెట్టిన దరఖాస్తు

1955లో నేను నంద్యాలలో ఎస్సెస్సెల్సీ చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా ఇల్లు ఆళ్లగడ్డలో. నాయన అక్కడి మిషన్ బడిలో పంతులు. అమ్మ నా తొమ్మిదో ఏటనే పోయింది. ఇంట్లో నాయన, నాయన తల్లి అయిన మా జేజి, నేను.

మాకు చరిత్ర చెప్పే టీచరమ్మ ఒకరోజు పరీక్ష పేపర్లు పంచుతూ నా దగ్గర ఆగింది.

"నువ్వు కాలేజీకి పోవాల. ఆర్ట్స్ తీసుకో" అంది.

మా క్లాసులో ఆడపిల్లలం ఆరుగురం. మిగతా ఐదుగురిలో ఎవరితోనూ ఆమె ఆ మాట అనలేదు. ఆమే కర్నూలు కాలేజీకి రాసి ఫారం తెప్పించింది. అందులో ఈ గ్రూపు ఎందుకు కోరుతున్నారో రాయమని రెండు వరసల జాగా ఇచ్చారు. వెనకటి మనుషులు ఏం చేశారో, ఎందుకు చేశారో తెలుసుకోవాలని ఉందని చిత్తుకాగితం మీద ఇంగ్లీషులో రాశాను. ఆమె అది కొట్టేసి "పై చదువుల కోసం" అని రాయించింది.

ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే. సెలవులకు ఇంట్లో ఉన్నాను కాబట్టి ఫారం నాయన చేతికి ఇచ్చాను. ఆయన నిలబడే రెండుసార్లు చదివి, సంతకం చేశాడు.

"నేను పోయి పోస్టులో వేసొస్తా నాయనా" అన్నాను.

"నేను బజారుకే పోతాండా. వేసొస్తాలే."

జూన్ అంతా ఎదురుచూశాను. తపాలా అతను మా వీధి దాటిపోయేదాకా వాకిట్లోనే ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. "ఆఫీసు పనులు, ఆలస్యమైతాది" అనేవాడు నాయన, నా వైపు చూడకుండా. చివరికి టీచరమ్మకు ఉత్తరం రాశాను. ఆమె కాలేజీకి రాసి, వాళ్ళిచ్చిన జవాబును నాకు పంపింది. ఈ పేరుతో దరఖాస్తు ఏదీ అందలేదట. సీట్లన్నీ నిండిపోయాయట.

ఆ మధ్యాహ్నం నాయన వరండాలో కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. కాగితం ఆయన ముందు పెట్టాను. చదివి, గొడుగు పక్కన పెట్టాడు.

"నేను వెయ్యలేదు" అన్నాడు.

"ఏం చేస్తివి దాన్ని?"

"చింపేసినా."

"ఎందుకు?"

ఆయన లోపలి గది వైపు చూశాడు. జేజి అక్కడ పడుకుని ఉంది. ఆమెకు సరిగ్గా వినపడదు. అయినా గొంతు తగ్గించాడు.

"నేనూ ఆ గ్రూపే చదివినా, అనంతపురంలో. రెండు తూర్లు పరీక్షకు పోతి. రెండు తూర్లూ లాజిక్కులో తప్పితి. మీ జేజికి పాసైనానని చెప్పినా. ఈ పొద్దుటికీ ఆమెకు తెల్దు."

నాకూ తెలియదు. మా నాయన కాలేజీ మెట్లెక్కాడన్న సంగతి నేను వినడం అదే మొదలు.

"నేను తప్పుతానని ఎట్లనుకుంటివి?"

"తప్పుతావని గాదు. తప్పి ఇంటికొస్తే నీ మొగం ఎట్ల చూడాల? టీచరు ట్రైనింగైతే రెండేండ్లు, బడి దొరుకుతాది. ఇంగేం ఆలోచన చెయ్యలే."

నేను పెరట్లోకి పోయి, ఎవరూ అడగకుండానే గిన్నెలన్నీ తోమాను. జేజి లేచి వచ్చి, నా కళ్ళు చూసి, "ఏమాయనే?" అంది. చెప్పాలంటే నాయన ఆమెకు చెప్పిన అబద్ధం కూడా బయటపెట్టాలి. "ఏం లేదు జేజీ" అన్నాను. టీచరమ్మకు ఏమని రాయాలో కూడా నాకు తోచలేదు, రాయలేదు. ఆమె రెండు ఉత్తరాలు రాసి, మానేసింది.

ఆ నెలాఖరులో నంద్యాలకే ట్రైనింగుకు వచ్చాను. నాయన నా ట్రంకుపెట్టె మోకాళ్ళ మీద పెట్టుకుని బస్సులో పక్కనే కూర్చున్నాడు. దిగాక, బస్టాండులో పెట్టె కింద పెట్టి అన్నాడు:

"వచ్చే ఏడు నేనే కర్నూలుకు పోయి నీ దరఖాస్తు కాలేజీవాళ్ళ చేతికిచ్చి వస్తా."

"ఇంగొద్దు నాయనా" అన్నాను. ఆయనకు నొప్పి కలగాలనే అన్నాను. కలిగింది. పెట్టె మళ్ళీ ఎత్తుకుని నా ముందు నడిచాడు.

ట్రైనింగు అయ్యాక వెలుగోడు బడిలో ఉద్యోగం వచ్చింది. నాయన రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాడు. నేను పాఠం చెబుతుంటే వెనక గోడకు ఆనుకుని నిలబడి వినేవాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. ఆయన ఇంకొక్కసారి కాలేజీకి పోతావా అని అడిగితే సరేననాలని అనుకున్నాను. ఏటేటా ఆ మాట సిద్ధంగా పెట్టుకున్నాను. నా అంతట నేనైనా చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు. ఆయన అడగలేదు. 1960 వచ్చేసరికి నాయనకు ఆయాసం ఎక్కువై, వెలుగోడుకు రావడమే మానుకున్నాడు.