జలగ ఎరలు కట్టిన ఆవిడ

బస్సుల షెడ్డులో లేత్ మెషీన్ నడిపే ఆయనకు సెలవు రోజొస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. చెరువులో చిన్న పడవ వేసుకుని గాలం వేసేవాడు. వానపాములూ పిండిముద్దలూ ముట్టుకునేవాడు కాదు. గాలపు కొక్కేనికి మెత్తని నల్ల ఈకలు దారంతో చుట్టి, బరువు కోసం ముందు ఇత్తడి పూస పెట్టి, అచ్చం జలగల్లా ఉండే ఎరలు తనే కట్టుకునేవాడు. ఆయన భార్య ముందుగదిలో బట్టలు కుట్టేది. తన నల్లదారం రీలు మాయమైనప్పుడల్లా, ఇంట్లో ఒక జలగ చాలదా, మళ్ళీ ఇన్నెందుకు అనేది. ఆయన నవ్వి ఇంకో రీలు పట్టుకెళ్ళేవాడు.

యాభై దాటాక ఆయన చూపు అంచుల నుంచి చీకటి పడుతూ వచ్చింది. కంటి నరం ఎండిపోతోందనీ, ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయినది తిరిగి రాదనీ డాక్టరు చెప్పింది. ఉన్నదీ నిలవలేదు. లేత్ మీద వేలు తెగబోయి తప్పిన రోజున షెడ్డువాళ్ళు మర్యాదగానే ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఆయన కుట్టుమిషన్ చప్పుడు వింటూ కుర్చీలో కూర్చునేవాడు. అడిగినదానికి జవాబు తప్ప మాట్లాడేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడే మిషన్ ఆపి, కొక్కేన్ని కదలకుండా పట్టి ఉంచే ఆయన పాత బిగింపును బల్ల అంచుకు తగిలించి, ఎర ఎలా కట్టాలో చెప్పమంది. మొదటిది పూర్తయ్యాక ఆయన వేళ్ళతో తడిమి చూశాడు.

"ఇది జలగ కాదు, చీపురు," అన్నాడు. "తోక సగం తీసెయ్. నీళ్ళలో ఈక ఊపిరి తీసుకున్నట్టు కదలాలి."

ఎన్నాళ్ళకో ఆయన నోట్లోంచి వచ్చిన వేళాకోళం అది. ఆవిడ విప్పి మళ్ళీ కట్టింది.

అప్పటినుంచి పడవ ఆవిడే నడిపేది. తుంగ ఎటువైపు ఉందో చెబితే ఆయన అటు విసిరేవాడు. ఎర అడుగుకు దిగేదాకా ఆగి, దారాన్ని జానెడు లాగి, మళ్ళీ ఆగేవాడు. నిలకడ నీళ్ళలో జలగ తొందరపడదనీ, అది ఆగినప్పుడే చేప అందుకుంటుందనీ ఆవిడకు చెప్పేవాడు. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు. దారం మీద వేలుంటే చాలు. పడవలో ఉన్నంతసేపూ ఆయన వెనకటి మనిషే.

ఒక మబ్బు రోజున పెద్ద చేప పడింది. చాలాసేపు గుంజులాడాక ఆవిడ వలతో ఎత్తింది. ఎలా ఉందని ఆయన అడిగాడు. వీపు పాచి రంగనీ, పక్కలు పాత ఇత్తడిలా మెరుస్తున్నాయనీ, రెక్కల అంచులు ఎర్రగా ఉన్నాయనీ చెప్పింది. ఆయన దాన్ని నీళ్ళలోకి వదిలేసి, చేతులు అలా నీళ్ళలోనే ఉంచి కూర్చున్నాడు.

"చేప కళ్ళకు కట్టింది. నీ మొహమే గుర్తు రావడం లేదు. కొన్నాళ్ళయింది. చెప్పడానికి నోరు రాలేదు."

ఆవిడ తెడ్లు పడవలోకి లాగి పెట్టింది. చేపను చెప్పినట్టే తనను చెప్పడం మొదలుపెట్టింది. ముక్కు కొంచెం ఎడమకు వాలిందనీ, కనుబొమ్మలో చిన్నప్పటి గాటు ఉందనీ, నవ్వితే పైపన్ను ఒకటి ముందుకొస్తుందనీ. ప్రతిదానికీ ఆయన ఊకొట్టాడు. ఆ ఊకొట్టడం వెనక ఏముందో ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు తెలియనిది కాదు. ఆయనకు ఏదీ గుర్తు రాలేదు. అయినా ఆపకుండా మెడ దాకా చెప్పింది.

ఆ చలికాలం ఆయనకు నెమ్ము చేసింది. ఆసుపత్రి మంచం మీద ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఉన్నావా?" అని మాటిమాటికీ అడిగేవాడు. ఉన్నానండీ అనేది. ఒక తెల్లవారుజామున అడగడం మానేశాడు.

పడవను ఆయన తమ్ముడు తీసుకున్నాడు. ఎరలు మాత్రం ఆవిడ ఇప్పటికీ కడుతోంది; గాలాల దుకాణంవాడు వచ్చి పట్టుకెళ్తాడు. వదినా, నీ జలగలకు చేపలు బాగా పడుతున్నాయి, ఓసారి వచ్చి చూడమని మరిది పిలిచాడు. కుట్టాల్సిన బట్టలు చాలా ఉన్నాయంది. ఆ రోజు మిషన్ మీద గుడ్డముక్క కూడా లేదు.