పప్పు ఉడకని నీళ్ళు

మా ఇంటి స్లాబు ఉప్పునీళ్ళతో కలిపి వేశారు. ఇల్లు కట్టిన ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం అది పెచ్చుగా ఊడి నా భార్య తలగడ మీద పడింది. ఆవిడ అప్పుడే కాఫీ పెట్టడానికి లేచింది, అంతే. లేకపోతే ఈ రాత ఇంకోలా ఉండేది.

నరసాపురం దగ్గర మా ఊరు. వేసవిలో నీళ్ళు రాకుండా కాలవలు కట్టేస్తారు. పొలం పని ఉండదు, కూలీలు దొరుకుతారు, వాన భయం లేదు. అందుకే మావైపు ఇళ్ళన్నీ ఆ రోజుల్లోనే లేస్తాయి. కాలవ నీళ్ళు లేవు గనక బోరు నీళ్ళే గతి. సముద్రం పక్కన బోరు నీళ్ళెలా ఉంటాయో చెప్పక్కర్లేదు. తొంభైల చివర్లో మేమూ అలాగే కట్టాం. ఆషాఢం రాకముందే గృహప్రవేశం కావాలని పట్టుబట్టింది నేనే. ఆ మాట దాచను.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. తక్కినదంతా రైసుమిల్లు ఇంజను పక్కన కూర్చుని, దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నదే. ఆ గర్వంతోనే నా ఇల్లు చూడ్డానికి ఇంజనీరెందుకనుకున్నాను. వాస్తు సిద్ధాంతి గారిని మాత్రం మూడుసార్లు పిలిచాను. ఆయన గుమ్మాలు కొలిచారు, వంటింటి కిటికీ జానెడు జరిపించారు. టేపు రెండో కొస పట్టుకుని నేనాయన వెనకాల తిరిగాను. బోరు పక్కన డ్రమ్ములో నీళ్ళు మాత్రం ఇద్దరిలో ఎవరమూ నోట పోసుకోలేదు.

నా భార్య పోసింది, ఎసట్లో. స్లాబు రోజు పనివాళ్ళకి వంట చేస్తుంటే తెచ్చుకున్న చెరువు నీళ్ళు అయిపోయాయి. డ్రమ్ము నీళ్ళు పోస్తే కందిపప్పు ఎంతసేపు మరిగినా బద్ద బద్దగానే ఉండిపోయింది. గరిటెతోనే బయటికొచ్చింది.

"ఈ నీళ్ళకి పప్పే ఉడకట్లేదండి. మీ స్లాబు గట్టిపడుద్దంటారా?"

"సిమెంటుకి ఉప్పేంటండి పిన్నిగారూ, అదేవన్నా పులుసా?" అన్నాడు మేస్త్రి. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడో ఏట గోడల అడుగున తెల్లటి పొడి లేచింది. చీపురుతో తుడిస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది. తర్వాత స్లాబు కింద తుప్పురంగు గీతలు, సరిగ్గా లోపలి ఇనప ఊచల వరసనే. సున్నం కొట్టించాను. పెచ్చు పడ్డాకగానీ రిటైరైన ఇంజనీరు గారొకరిని పిలవలేదు. ఆయన చిన్న సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ పోయారు. గట్టిచోట ఠంగుమంది, మా మంచం పైన ఖాళీ డబ్బాలా మోగింది. ఊచలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటుని కిందికి నెడుతున్నాయన్నారు. స్లాబు వేసేముందు ఒక్క పూట పిలిచి ఉంటే ఆ నీళ్ళు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదన్నారు.

ఆనాటి నుంచి ఆవిడ పడక వరండాలో. నేను రోజూ పొద్దున్నే చేతికర్రతో మా పడగ్గది పైకప్పు తట్టి వింటాను. డొల్ల మోగినచోటల్లా ఆనాటి మా నవ్వు వినిపిస్తుంది. ఆ మోత నెలనెలా కాస్త జరుగుతోంది, వంటింటి వైపు. ఆవిడ పగలంతా ఉండేది అక్కడే.

మేస్త్రి పనుల కోసం పెద్దాపురం వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళ సంగతి తెలిసే కలిపావా, తెలియకా, అదొక్కటి చెప్పమని ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకో రెండు రాశాను. నాలుగోదాంట్లో రాయకూడని మాటలు రాశాను. కర్రతో తట్టడం గురించీ రాశాను. చివరికి ఒక కార్డు వచ్చింది:

"బాబాయిగారండీ, మీ స్లాబైన వారానికి అదే డ్రమ్ముతో అదే బోరు నీళ్ళు పట్టుకెళ్ళి మా ఇంటి స్లాబు కూడా వేసుకున్నానండి. మా అమ్మ అందులోనే ఉంటంది. మొన్న ఊరొచ్చి మీరు రాసినట్టే కర్రతో తట్టి చూశానండి. ఆ ఇంజనీరు గారిని ఒకసారి మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. నేనొచ్చేదాకా ఆగొద్దండి."