ఎనుకది పెట్టు

సినిమా డిస్కుల్లో అదనంగా చేర్చే ముక్కలు చూడదగ్గవేనా అని ఎవరైనా అడిగితే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. ఆమె దగ్గర ఒకే ఒక్క డిస్కు ఉండేది. అందులోని సినిమాను ఎన్నడూ చివరిదాకా చూడలేదు. ఇంటికి ఎవరొచ్చినా రిమోట్ నా చేతిలో పెట్టి, "సినిమా వద్దు బిడ్డా, ఎనుకది పెట్టు" అనేది.

అత్త సిరిసిల్లలో ఒక సేటు మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. ఆ సినిమా షూటింగ్ ఆ షెడ్డులోనే జరిగింది. సినిమాలో రాట్నం ముందు కూర్చుని కండె చుడుతూ కనిపించేది మాత్రం సేటు. ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. అత్త ఎక్కడా లేదు. కానీ వెనక చేర్చిన షూటింగ్ ముచ్చట్లలో, రాట్నం ముందున్న అత్తను సేటు రెక్క పట్టి లేపడం కనిపిస్తుంది. మాటా వినిపిస్తుంది: "లే, నీ మొకం ఎవలు సూస్తరు?"

తన బిడ్డ పెండ్లికి పిలవడానికి ఆ సేటు భార్యతో మా ఇంటికి వచ్చాడు. అత్త పత్రిక కళ్లకద్దుకుని, ఇద్దరికీ చాయ్ ఇచ్చి, నా వైపు చూసింది. నాకూ ఆయన మీద కసి తక్కువేం లేదు. డిస్కు పెట్టి సౌండు పెంచాను.

ఆ ముక్క రాగానే సేటు లేవబోయాడు. భార్య లేవలేదు. తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"కూసోండ్రి సేటు, నా మొకమే. చాయ్ సల్లారుతది" అంది అత్త. తర్వాత సేటు భార్య వైపు చూపిస్తూ నాతో, నెమ్మదిగా:

"జర మొదటికి తిప్పు బిడ్డా. అక్క సక్కగ సూడలే."