ఏడుగురి పొత్తు

చెన్నబసప్ప సారుకు జహీరాబాద్‌లో శత్రువులు లేరు. అట్లా అని నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ లేరు. ఇంట్లో కన్నడం, బజార్లో ఉర్దూ, క్లాసులో తెలుగు మాట్లాడుతూ డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాడు. స్కూటర్ డిక్కీలో పుస్తకాలకన్నా గుడ్డసంచులే ఎక్కువ. ఏ ఊరికి పోయినా ఒక చేను దగ్గర ఆగి, నాలుగు గింజలు సంచిలో వేసుకుని వచ్చేవాడు. ఆ గింజల పిచ్చి తప్ప ఆయనలో చెప్పుకోదగ్గ వ్యసనం ఏదీ లేదు.

తొమ్మిదేళ్ళ కింద ఆ పిచ్చి నుంచే ఒక పరిశోధన పేపరు పుట్టింది. వానలు మొహం చాటేసినా తట్టుకుని నిలబడే ఆరు రకాల జొన్నల మీద రాసింది. ఆ జొన్నలు న్యాల్‌కల్, రాయికోడ్, మొగుడంపల్లి వైపు ఆరుగురు రైతుల ఇండ్లలోవి. ఆ పక్క ఒక పద్ధతి ఉంది. ఒకరి దగ్గర విత్తనం తీసుకుంటే పంట చేతికొచ్చాక రెట్టింపు కొలిచి తిరిగివ్వాలి. పొత్తులో సేద్యం చేసేవాళ్ళయితే మాత్రం అడగరు, పొత్తు తెగినప్పుడే అడుగుతారు. సారుకు చేను లేదు, రెట్టింపు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకని ఆరుగురినీ పేపర్లో పొత్తు కలిపాడు. తన పేరు కింద వరసగా ఆరుగురి పేర్లూ రాసి పంపాడు. ఇట్లాంటి పని ఈ చుట్టుపక్కలవాడు తప్ప ఇంకెవరూ చేయరు.

ఆ పేపరును తర్వాత ఎక్కడెక్కడి పండితులో తమ రాతల్లో పేర్కొన్నారు. ఒకటి కాదు రెండు కాదు, నూట నలభై మూడు సార్లు. ఆ సంగతి కాలేజీలో మొదట కనిపెట్టింది ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే శోభారాణి. ప్రమోషన్ దరఖాస్తు నింపుతుంటే బయటపడింది.

"సార్, మీకు ఇన్ని సైటేషన్లా! మన కాలేజీల అందరివీ కలిపినా ఇన్ని లేవు," అంది.

సారుకు లోపల ఎంత సంబరమైందో చెప్పలేం. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. పోయేలోపు అసోసియేట్ ప్రొఫెసర్ అనిపించుకోవాలని ఆయనకు గట్టిగానే ఉండేది, పైకి అనేవాడు కాదు. తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు ఆ కుర్చీ ఎక్కారు మరి.

సంబరం పావుగంట నిలిచింది. శోభారాణి లెక్క కట్టి చూపించింది. కావలసినవి డెబ్బై ఐదు మార్కులు. మిగతా పనులన్నింటికీ కలిపి యాభై తొమ్మిది వచ్చాయి. ఈ పేపరుకు ఇరవై ఎనిమిది ఉన్నాయి కానీ, రాసినవాళ్ళందరికీ సమానంగా పంచాలట. ఏడుగురికి పంచితే సారు వంతు నాలుగు.

"ఆ ఆరుగురు మాకేం భాగం లేదని రాసిస్తే మొత్తం మీకే వస్తయట సార్. కమిటీవాళ్ళే చెప్పిన్రు. జర తిరిగి సంతకాలు తెచ్చుకోండ్రి."

సారు తిరిగాడు. నర్సప్ప చాయ్ తాగించి మరీ సంతకం పెట్టాడు. గిరిజమ్మ వేలిముద్ర వేసింది. అయిదుగురూ మారుమాట లేకుండా ఇచ్చేశారు. వాళ్ళ విత్తనాలు వాళ్ళ గాదెల్లో భద్రంగా ఉన్నాయి, సారు తీసుకుపోయిన గుప్పెడు ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఆఖరున న్యాల్‌కల్ అవతల నారమ్మ. అరవై అయిదేళ్ళ మనిషి, చేలో కలుపు తీస్తూ కనిపించింది. కాయితం చదివించుకుని విన్నది.

"అంటే పొత్తు తెంపుకుంటున్నవా సారూ?"

"అట్ల కాదక్కా, ఆఫీసు కోసం..."

"తెంపుకో, నాకేం. మరి నా గింజ నాకియ్యి. రెండేండ్ల సంది వానలు సక్కగ లేవు, ఆ జొన్నే కావాలె. ఉన్న విత్తనం పోయినేడు పురుగు పట్టి పోయింది. నీ తాన ఉన్నదిలే అని ధైర్యంగ ఉన్న."

సారు దగ్గర ఆ గింజ లేదు. మిగిలిన గింజంతా పేపరు రాసేటప్పుడే పట్నం ల్యాబుకు పరీక్షకు పంపాడు. వాళ్ళు దాన్ని దంచి పొడి చేసి, ఏమేం ఉన్నాయో చూసి, పారేశారు. తెస్తానక్కా, ముందు సంతకం పెట్టు అంటే పెట్టేసేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ముప్పై ఒక్క ఏళ్ళ ఎదురుచూపు కదా, వచ్చినందుకు ఆయన్ని తప్పు పట్టలేం.

"పిండి చేసిన్రక్కా, పరీక్షకని," అన్నాడు తల వంచుకుని.

"పిండి చేసిన్రా? రొట్టన్న చేసుకున్నరా?"

"లేదు."

నారమ్మ కోప్పడలేదు. "గింజ వాపసు రాకుండ పొత్తు ఎట్ల తెగుతది సారూ? తెగదు," అని కాయితం మడిచి ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ కలుపు మీదికి వంగింది. సారు బతిమాలలేదు.

కమిటీకి అయిదు ఉత్తరాలే పోయాయి. పేపరు మార్కులు సారుకూ నారమ్మకూ పంచారు, ఆయన వంతు పద్నాలుగు. రెండు మార్కులు తక్కువై ప్రమోషన్ రాలేదు. శోభారాణి ఏడ్చినంత పని చేసింది. సారు మాత్రం సరేనమ్మా అని క్లాసుకు పోయాడు, ఆ రోజు పాఠం సగంలో ఆపేశాడు.

నెల తర్వాత ఆయన గుడ్డసంచితో న్యాల్‌కల్ పోయాడు. ఆ జొన్న కోసం బీదర్ దిక్కు పల్లెలన్నీ గాలించి, దొరకక, దానికి దగ్గరి రకం ఏదో తెచ్చాడు. నారమ్మ రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి, ఇది కాదు సారూ అంది. తర్వాత అడిగింది.

"నీ ఆఫీసు పనేమైంది?"

"కాలేదక్కా. రెండు మార్కులు తక్కువైనయి."

"నాకెన్ని ఇచ్చిన్రు?"

"పద్నాలుగు."

"మరి నావి తీస్కోక పోయినవా?" అంది నారమ్మ, ఇంత చిన్న సంగతి ఆయనకు తట్టనందుకు విసుక్కుంటూ. "నేనేం జేస్కుంట వాటిని? పొత్తుల ఉన్నోళ్ళకు నీదేంది, నాదేంది?"