నీలం టేపు చుట్టిన ట్యూనర్

నా గిటారు సంచికి ముందువైపు చిన్న జిప్పు అర ఒకటి ఉంది. కరీంనగర్‌లో నా దగ్గర నేర్చుకునేవాళ్లకు గిటారు కంటే ఆ అర మీదే ఎక్కువ మోజు. అడిగితే చాలు, నేనూ ముచ్చటపడి సామానంతా చాప మీద పరిచేస్తాను. తీగలు మీటడానికి పాత ఏటీఎం కార్డు కత్తిరించి చేసుకున్న పిక్కులు, బెల్టు ఊడిపోకుండా గుండీకి తొడిగే నీళ్ల నల్లా వాషర్లు, తీగలు గబగబా చుట్టే ప్లాస్టిక్ పిడి, గాయకుడి గొంతు ఎక్కడుంటే అక్కడికి శృతిని ఎత్తే కాపో. స్టేజీ మీద ఇన్నేళ్లుగా నా పరువు కాపాడినవి ఇవేనని గొప్పలు పోతాను. కానీ అర అడుగున ఇంకొకటి ఉండేది. ఆరేళ్ల పాటు దాన్ని ఎవరికీ చూపించలేదు. అది నాది కాదు. దొంగిలించాను.

అదొక ట్యూనర్. సగం అగ్గిపెట్టె అంత ఉంటుంది. గిటారు తలకు క్లిప్పుతో తగిలించి తీగ మీటితే, కొయ్యలోని అదురును పట్టుకుని, శృతి తప్పితే ఎర్ర లైటు, కుదిరితే పచ్చ లైటు చూపిస్తుంది. చెవితో పని లేదు, కళ్లుంటే చాలు. క్లిప్పు విరిగితే దానికి నీలం రంగు కరెంటు టేపు చుట్టుకున్నాడు దాని యజమాని. ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి డ్రిల్లర్. డ్యూటీ లేని రోజుల్లో మా ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. మేమంతా ఆయన్ని అన్నా అనేవాళ్లం. నా వేళ్లు పట్టుకుని తీగల మీద నొక్కి, "నొయ్యనీ తమ్మీ, రెండు దినాలైతే అదే పోతది" అంటూ మొదటి పాఠం చెప్పింది ఆయనే.

చివరి రెండు మూడేళ్లలో ఆ ట్యూనర్ లేకుండా ఆయన గిటారు ముట్టుకునేవాడు కాదు. పాటకూ పాటకూ మధ్య తల వంచి దానివైపే చూసుకునేవాడు. నేను ఊరుకునే రకమా? "అన్న చెవులు అమ్ముకొని మిషిన్ కొన్నడు" అని అందరి ముందూ ఆటపట్టించేవాణ్ణి. అందరూ నవ్వాక, అందరి ముఖాలూ చూసి, ఆయన కూడా నవ్వేవాడు. వాళ్ల క్వార్టర్‌లో టీవీ పెడితే గల్లీ చివరిదాకా వినబడేది. మాట్లాడుతుంటే మన కళ్లలోకి కాక పెదవులవైపు చూసేవాడు. ఆయన సంగతి నాకు అప్పుడు తెలియదని ఇప్పుడు చెప్పుకుంటే అది సగం అబద్ధం. తెలుసుకోవాలని అనుకోలేదు, అంతే.

ఆయన రిటైర్‌మెంట్‌కు వారం ముందు రిహార్సల్ జరుగుతోంది. ఆయన తన గిటారు శృతి చూసుకున్నాక లేచి వచ్చి, ఆ ట్యూనర్ తీసి నా గిటారుకు తగిలించాడు. తీగ మీటమన్నాడు. ఎర్ర లైటు వచ్చింది.

"నీ మూడో తీగ దిగింది తమ్మీ. జర సూస్కో."

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ కొత్తగా వచ్చిన గాయని కిసుక్కున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా చెవి మీద నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. లైట్లు చూసి వాయించేవాడు నాకు చెప్పేదేంటి అనుకున్నాను. తీగ నిజంగానే దిగి ఉందన్న సంగతి మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

బొగ్గుబాయి కాలనీల్లో మనిషి డ్యూటీ దిగే ఆఖరి రోజు పెళ్లి కంటే పెద్ద సంబరం. మెడ నిండా దండలు వేసి, డప్పులతో ఇంటికి తెస్తారు. ఆ మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో భోజనాలు, మా ఆర్కెస్ట్రా. ఆ రోజు తన పెళ్లయిన కొత్తలో కట్టుకున్న వరుస ఒకటి ఒంటరిగా వాయించాలని అన్న కోరిక. జనం ముందు ఎన్నడూ వాయించలేదట. "ఇయ్యాల నా దినం తమ్మీ, కొత్త తీగలెయ్యి" అని పొద్దున్నే గిటారు నా చేతికిచ్చాడు. వేశాను. కొత్త తీగలు కుదురుకునేదాకా గంటకోసారి దిగుతాయి. ఆ సంగతి నాకు నేర్పిందీ ఆయనే.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువాలు కప్పుతున్నారు. గిటారు స్టాండు మీద ఉంది. నేను వెళ్లి ట్యూనర్ ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాను. చూద్దాం, ఇది లేకుండా ఏం పీకుతాడో అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను, ఇంతకంటే మర్యాదగా రాయలేను.

ఆయన వచ్చి గిటారు తల తడిమాడు. స్టాండు కింద చూశాడు, కుర్చీ కింద చూశాడు. మైకులో పేరు పిలిచేశారు. ఒక్కొక్క తీగా మీటి, నావైపు తిరిగి నా ముఖంలోకి చూశాడు.

"తమ్మీ, శృతి మంచిగున్నదా?"

రెండు తీగలు దిగి ఉన్నాయి. నాకు స్పష్టంగా వినబడింది.

"ఉన్నదన్నా, కొట్టు" అన్నాను.

కొట్టాడు. కళ్లు మూసుకుని, ఎక్కడా తడబడకుండా, వేలు పడాల్సిన చోటే పడుతూ. వేళ్లలో ఒక్క తప్పు లేదు, వినబడేదంతా తప్పే. పళ్లు పులిసినట్టు ముఖాలు పెట్టారు జనం. ముందు వరసలో ఒకరినొకరు పొడుచుకున్నారు, వెనక వరసల్లో నవ్వులు, పైకి లేచిన ఫోన్లు. ఆయన వెనకాలే నిలబడి నేనూ నవ్వాను. అయిపోయాక అందరూ మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు తెరిచి ఆ చేతులు చూసి పొంగిపోయాడు.

"ఎట్లున్నది తమ్మీ?"

"మస్తున్నదన్నా."

కాసేపటికి స్టేజీ వెనక్కి వదిన వచ్చింది. అన్న ఆ వరుస కట్టుకుంది ఆవిడ కోసమే. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"తమ్మీ, గా లైట్ల మిషిన్ ఎటువోయిందో సూసినవా? గది లేకుంటే ఆయనకేం తెల్వది. బాయిల డ్రిల్లు కొట్టి కొట్టి చెవులు పోయినయి. ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. తెలిస్తే మీరు పాటకు పిలువరని ఆయన ఫికర్."

మిషను నా జేబులోనే ఉంది. తీసి ఇచ్చేస్తే అయిపోయేది. కింద పడి ఉంటే దొరికిందని ఇంకో అబద్ధమైనా ఆడొచ్చు. అంత తెలివి కూడా పని చేయలేదు.

"లేదొదినా, నేను సూడలే."

తర్వాత వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి పెద్దపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన మళ్లీ ఆర్కెస్ట్రాకు రాలేదు. ఫోన్ చేస్తే వదినే ఎత్తి, "ఆయనకు తీరుతలేదు తమ్మీ" అనేది. పెద్దపల్లి మీదుగా ఎన్నిసార్లు తిరిగానో. బస్టాండు రాగానే అటువైపు కిటికీ నుంచి తల తిప్పుకునేవాణ్ణి.

ఈ మధ్య ఆసిఫాబాద్‌లో ప్రోగ్రాం. సరిగ్గా స్టేజీ ఎక్కేముందు, చివరికి నేనూ కొనుక్కోక తప్పని ట్యూనర్ చచ్చింది. చుట్టూ ఒకటే మోత, చెవితో కుదిరేలా లేదు. సంచి అర అడుగున ఉన్నదాన్ని తీసి, కొత్త బ్యాటరీ వేసి తగిలించాను. చక్కగా పచ్చ లైటు వచ్చింది. పాటలన్నిటిలోనూ ఆ నీలం టేపు నా కళ్లెదురుగానే ఉంది. మర్నాడు తిరుగు ప్రయాణంలో పెద్దపల్లిలో దిగిపోయాను.

నన్ను చూడగానే అన్న ముఖం వెలిగిపోయింది. ఆరేళ్లు రానివాణ్ణి ఒక్క మాట అడగలేదు. వదిన చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. ఆయన బీరువా మీద నుంచి గిటారు దింపి దుమ్ము దులిపాడు.

"మనవరాలు నేర్చుకుంటనంటుంది. జర శృతి జేసి పో తమ్మీ. నేనైతే ముట్టుకుంటలేను."

"ఎందుకన్నా?" అని అడిగాను, ఎందుకో తెలిసే. ఆయన నా పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"గా దినం వీడియో మా బిడ్డ ఫోన్ల ఉన్నది. శానసార్లు సూసిన. ఇగ దాసుడెందుకు, పాట నాకు ఇనవడదు, మనుషుల మొఖాలు సూసిన. అందరు నవ్వుతున్రు. ఎనుక నువ్వు గూడ నవ్వుతున్నవ్." ఆ మాటలో కోపం లేదు. "నాదే తప్పు తమ్మీ. మిషిన్ ఏడనో వడగొట్టుకున్న. పోయిందని చెప్పి ఊకుంటె అయిపోతుండె. అందరి ముంగట నా ఇజ్జత్ నేనే తీసుకున్న."

ఆరేళ్లుగా ఆ తప్పు తనదే అనుకుంటూ బతికాడు. చాయ్ పక్కన పెట్టాను. గిటారు తీసుకుని చెవితోనే శృతి చేయడం మొదలుపెట్టాను. ఆయన నా వేళ్లవైపు చూడటం లేదు. నా ముఖంవైపు చూస్తున్నాడు, ఆ రోజు స్టేజీ మీద చూసినట్టే.

"అయ్యిందా?"

సంచిలోంచి ట్యూనర్ తీసి గిటారు తలకు తగిలించాను. తీగ మీటాను. పచ్చ లైటు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి, ఆ నీలం టేపును బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తర్వాత నావైపు చూశాడు.

"నేనే తీసిన అన్నా" అన్నాను. తల వంచుకునే అన్నాను. గొంతు నాకే సరిగా వినబడలేదు.

ఆయన చెవి వెనక చేయి పెట్టుకుని దగ్గరికి జరిగాడు.

"ఏందీ? ఇనవడ్తలేదు. జర మొఖమెత్తి గట్టిగ చెప్పు తమ్మీ."

తల ఎత్తాను. వంటింట్లో వదిన గిన్నెలు తోముతోంది. పక్క గదిలో మనవరాలు చదువుకుంటోంది.

"గా దినం మిషిన్ నేనే దొంగిలించిన అన్నా! శృతి దిగిందని తెలిసే కొట్టుమన్న!" అని అరిచాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.